బగ్గులు తీరేదాకా కంపైలర్‌లో కొత్త ఫీచర్లు ఆపేయాలా?

బొంగరం:
ఓపెన్ సోర్స్ కంపైలర్ల (మనం రాసిన కోడ్‌ను యంత్రానికి అర్థమయ్యే కోడ్‌గా మార్చే ప్రోగ్రాంల) బగ్ జాబితాలు చూసినప్పుడల్లా బాధ కలుగుతుంది. ప్రతి విడుదలకూ కొత్త ఫీచర్లు వస్తాయి, పాత బగ్గులు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. సీ తదితర భాషల కంపైలర్ జీసీసీలో 323వ బగ్ 2000లో నమోదైంది. ప్రాసెసర్‌లో లెక్కలు చేసే పాత భాగం ఎక్స్87. దాని రిజిస్టర్‌లో (లోపలి చిన్న నిల్వలో) 80 బిట్లలో ఉన్న దశాంశ సంఖ్య మెమరీకి వెళ్లేసరికి 64 బిట్లకు కుదించుకుపోతుంది. దాంతో సమానం కావలసిన రెండు విలువలు సమానం కావు. రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో 25860వ బగ్ 2015లో నమోదై ఏళ్లకేళ్లు తెరిచే ఉంది. దానివల్ల, భద్రతా తనిఖీలను సడలించే ‘అన్‌సేఫ్’ అనే పదం ఒక్కచోటా రాయకుండానే ఆ భాష హామీ ఇచ్చిన మెమరీ భద్రతను దాటేయవచ్చు. ఒక ఏడాది పాటు కొత్తవన్నీ ఆపి, అందరూ బగ్గుల మీద కూర్చోవాలని నా ప్రతిపాదన.

నడిరేయి:
బొంగరం గారూ, మీ ఆవేదన సరైనదే, మందు మాత్రం కాదు. మీ ఉదాహరణలే తీసుకోండి. 323కి సీ భాషలో ఊరట ఎలా దొరికింది? 2010లో వచ్చిన జీసీసీ 4.5లో ఆ అదనపు బిట్లను అదుపు చేసే కొత్త ఆప్షన్ చేర్చారు. మిగతా భారం 64 బిట్ల యంత్రాలు, ఎక్స్87 బదులు వాడే ఎస్‌ఎస్‌ఈ2 రిజిస్టర్లు తీర్చాయి. రస్ట్ బగ్‌కేమో, ట్రెయిట్ల (ఒక టైపు ఏమేం చేయగలదో చెప్పే ఒప్పందాల) నియమాలను సరిచూసే భాగాన్నే కొత్తగా రాయవలసి వచ్చింది. కొత్త పనులు ఆపితే ఈ పనీ ఆగుతుంది.

ఇంకొకటి దగ్గర నుంచి చూద్దాం. రస్ట్‌లో ఏమీ చేయకుండా ఎప్పటికీ తిరిగే లూప్ రాయడం తప్పు కాదు. ప్రోగ్రాం అక్కడే ఉండిపోవాలి, అంతే. అయితే రస్ట్ వెనుక ఉండి యంత్రకోడ్ తయారుచేసే ఎల్‌ఎల్‌వీఎం, సీ++ భాష పద్ధతికి అలవాటుపడింది. బయటికి కనిపించే పనేదీ చేయని లూప్ ఎప్పటికైనా ముగుస్తుందని అనుకోవడానికి సీ++ ఒప్పుకునేది. దాంతో కోడ్‌ను వేగవంతం చేసే భాగమైన ఆప్టిమైజర్ లూప్‌నే తీసేసేది. లూప్ తర్వాత రాదగిన కోడ్ అసలు ఉండదు కనుక, ప్రాసెసర్ మెమరీలో పక్కనున్న ఏదో ఫంక్షన్‌లోకి జారిపోయే ప్రమాదం ఉండేది. హెచ్చరిక లేదు, ఎర్రర్ లేదు. 2015లో నమోదైన ఈ బగ్ 2021లో ఎల్‌ఎల్‌వీఎం 12తో తీరింది. ‘మస్ట్‌ప్రోగ్రెస్’ అనే కొత్త గుర్తును చేర్చి, అది ఉన్న ఫంక్షన్లలోనే అలా అనుకోవాలని నిర్ణయించారు. దీన్ని బగ్ సవరణ అంటారా, ఫీచర్ అంటారా?

మూలకోడ్:
ఎవరిని ఆపుతారు, ఎవరిని కూర్చోబెడతారు? చాలామంది తమ తీరిక వేళల్లో వచ్చి పనిచేసేవారే. పార్సర్‌లో (కోడ్‌ను విడదీసి చదివే భాగంలో) కొత్త వాక్యనిర్మాణం చేర్చాలని వచ్చిన మనిషిని రిజిస్టర్ల కేటాయింపులో బగ్ వెతకమంటే మర్నాటి నుంచి కనిపించడు.

గవ్వ:
మూలకోడ్ గారి మాట నిజమే, కానీ ఆ కోడ్‌ను చదివి ఆమోదించేవారు కొద్దిమందే. ఫీచర్ ప్యాచ్‌కూ (పంపిన కోడ్ మార్పుకూ) బగ్ ప్యాచ్‌కూ ఖర్చయ్యేది వాళ్ల సమయమే. పైగా ప్రతి కొత్త ఫీచర్‌నూ పాతవాటన్నిటితో కలిపి పరీక్షించాలి.

అన్ని బగ్గులనూ ఒకే గాటన కట్టడం కూడా నాకు నచ్చదు. కంపైలర్ కూలిపోతే కనీసం తెలుస్తుంది. ఎర్రర్ సందేశం అర్థం కాకపోతే విసుగు, అంతే. చడీచప్పుడు లేకుండా తప్పు కోడ్ పుట్టించే బగ్ అలాంటిది కాదు. ఆప్టిమైజేషన్ లేకుండా సరైన జవాబు, వేగం పెంచే ఓ2 ఆప్షన్ పెడితే తప్పు జవాబు. ప్రోగ్రామర్ రోజుల తరబడి తన కోడ్‌నే అనుమానిస్తాడు. చివరికి కంపైలర్ మీద అనుమానం వస్తే సీరెడ్యూస్ అనే పనిముట్టుతో వేల పంక్తులను పదీ పదిహేనుకు కుదించి, పాత మార్పులను వెతికే గిట్ బైసెక్ట్‌తో తప్పు చొరబడిన కమిట్‌ను (కోడ్ మార్పును) పట్టుకోవాలి. తీరా చూస్తే ఎక్కడో ఒక షరతు సరిచూడటం మరిచిపోయి ఉంటారు. యూటా విశ్వవిద్యాలయం వారి సీస్మిత్ అనే పరీక్షా పనిముట్టు యాదృచ్ఛికంగా సీ ప్రోగ్రాంలు పుట్టించి, 2011 నాటికే వివిధ కంపైలర్లలో 325కు పైగా కొత్త బగ్గులు బయటపెట్టింది. జీసీసీ, ఎల్‌ఎల్‌వీఎం కూడా తప్పించుకోలేదు.

బొంగరం:
అయితే ఏడాది నిషేధాన్ని వదిలి ఇంకోలా అడుగుతాను. జీసీసీలో కొత్త పనులకు ఒక దశ, ఆపైన సవరణలకు ఒక దశ, చివరికి రిగ్రెషన్లకూ (ముందు బాగా పనిచేసి తర్వాత చెడినవాటికీ) డాక్యుమెంటేషన్‌కూ మాత్రమే ఒక దశ ఉంటాయి. పీ1 స్థాయి (అన్నిటికన్నా ముఖ్యమైన) రిగ్రెషన్ మిగిలి ఉంటే విడుదల చేయరు. అలాగే ప్రతి ప్రాజెక్టూ తప్పు కోడ్ పుట్టించే బగ్ ఒక్కటున్నా విడుదల ఆపాలి. ఫీచర్ తెచ్చినవారు రెండు విడుదలల పాటు దాని బగ్గులు చూసుకుంటామని ఒప్పుకోవాలి. దీనికైనా అభ్యంతరమా?

నడిరేయి:
రెండో షరతుకు నేను సిద్ధం. మొదటిదానికి కాదు. అలాంటి బగ్ ఒక్కటీ లేని రోజు పెద్ద కంపైలర్‌కు రాదు, మీ విడుదలా రాదు. దోషమున్న భాగాన్ని మాత్రం ఆపండి. రస్ట్ అదే చేసింది. మార్చదగిన రిఫరెన్సులకు ‘నోఎలియాస్’ గుర్తు (ఆ మెమరీని వేరే దారిలో ఎవరూ తాకరని చెప్పేది) పెడితే కోడ్ వేగంగా నడుస్తుంది. కానీ ఆ గుర్తు ఎల్‌ఎల్‌వీఎంలో దాగి ఉన్న బగ్గులను తట్టిలేపి తప్పు కోడ్ పుట్టించింది. రస్ట్ బృందం వేగాన్ని వదులుకుని ఆ గుర్తును ఆపేసింది. ఒకసారి తిరిగి పెట్టినా మళ్లీ తప్పులు బయటపడితే మళ్లీ ఆపింది. 2021లో, ఎల్‌ఎల్‌వీఎంలో సవరణలు వచ్చాకే మళ్లీ పెట్టింది. ఆ కాలమంతా మిగతా భాషలో పని ఒక్కరోజు కూడా ఆగలేదు.