33 కేవీ కేబుల్ టర్మినేషన్: స్ట్రెస్ కోనే వాడాలా, ట్యూబ్ సరిపోతుందా?

నైట్‌షిఫ్ట్_ఇంజనీర్:
ఆరు నెలల్లో మా దగ్గర మూడు 33 కేవీ టర్మినేషన్లు (కేబుల్ చివర కట్టే ముగింపులు) పోయాయి. మూడూ హీట్ ష్రింక్‌వే, అంటే వేడి చేస్తే ముడుచుకుని పట్టేవి, లోపల స్ట్రెస్ కంట్రోల్ ట్యూబ్ (ఎలక్ట్రిక్ ఫీల్డ్ ఒత్తిడిని సర్దే గొట్టం) ఉన్న రకం. ఇకపై రబ్బరు స్ట్రెస్ కోన్ ఉన్న కిట్లే కొనాలని పైవాళ్లకు రాయబోతున్నాను. కోన్ పని ఆకారంతో జరుగుతుంది. కేబుల్ ఇన్సులేషన్ మీద భూమికి కలిపి ఉండే స్క్రీన్ పొర ఆగిన చోటి నుంచి అది గంట నోరులా విచ్చుకుంటుంది కాబట్టి అక్కడ ఫీల్డ్ ఒక్కచోట కుక్కుకోదు. ట్యూబ్ పని మాత్రం అందులో కలిపిన పదార్థం మీద ఆధారపడుతుంది. ఏళ్ల తరబడి వేడికి పదార్థం మారుతుంది, లోహపు అచ్చులో పోసిన ఆకారం మారదు. ఒప్పుకోనివాళ్లు ఎందుకో చెప్పండి.

లెక్కల_పిచ్చి:
ఈ విషయం కొత్తవాళ్ల కోసం ముందు చిన్న లెక్క. 33 కేవీ కేబుల్‌లో కండక్టర్‌కీ భూమికీ మధ్య 19 కేవీ (33ని √3తో భాగిస్తే). లోపలి వ్యాసార్థం 10 మి.మీ., ఇన్సులేషన్ మందం 8 మి.మీ. అనుకుందాం. కండక్టర్ దగ్గర ఫీల్డ్ మి.మీ.కి 3.2 కేవీ, బయటి అంచున 1.8 కేవీ వస్తుంది. ఇన్సులేషన్‌గా వాడే ప్లాస్టిక్ ఎక్స్‌ఎల్‌పీఈకి ఇది చాలా తేలిక. కానీ ఆ బయటి అంచు మీద, సెమికాన్ (కరెంట్‌ని కొద్దిగా పోనిచ్చే స్క్రీన్) పొర కింద, పల్చటి గాలి పొర చిక్కుకుందనుకోండి. ఎక్స్‌ఎల్‌పీఈ పర్మిటివిటీ 2.3, గాలిది 1; ఇది తక్కువున్న పదార్థం మీద ఫీల్డ్ ఎక్కువ పడుతుంది. కాబట్టి గాలిలో ఫీల్డ్ 2.3 రెట్లై 4.1కి చేరుతుంది. అది ఆర్‌ఎంఎస్ విలువ (ఏసీలో ఒక రకం సగటు), పీక్ ఇంకా ఎక్కువ. గాలి తట్టుకునేది మి.మీ.కి సుమారు 3 కేవీ పీక్. సెమికాన్ కోసిన పదునైన అంచు వల్ల పెరిగేదాన్ని ఇందులో కలపనే లేదు. అందుకే స్క్రీన్ కట్ (ఆ పొరను కోసి ఆపిన చోటు) దగ్గర పార్షియల్ డిశ్చార్జ్, అంటే ఇన్సులేషన్‌ని మెల్లగా తినే చిన్న చిన్న మెరుపులు, మొదలవుతుంది.

జాయింటర్_అన్న:
నైట్‌షిఫ్ట్ సార్, ట్యూబ్ మీద నింద వేసే ముందు ఒకటి చెప్పండి. విప్పినప్పుడు కాలిన మచ్చ ఎక్కడుంది? స్క్రీన్ కట్ దగ్గరా, మధ్యలోనా, ట్యూబ్ పై చివరా? అది తెలియకుండా కిట్ మార్చడమంటే జ్వరం చూడకుండా మందు మార్చినట్టే. ఇంకో మాట. కోల్డ్ ష్రింక్ (వేడి లేకుండానే ముడుచుకుని పట్టే రబ్బరు కిట్) అనగానే లోపల కోన్ ఉంటుందని చాలామంది అనుకుంటారు. కొన్నింటిలో ఉండేది కూడా హై పర్మిటివిటీ ట్యూబే. కొనేముందు డ్రాయింగ్ చూడండి.

నైట్‌షిఫ్ట్_ఇంజనీర్:
ఫొటోలు మళ్లీ చూశాను. మొదటిదానిలో సెమికాన్ కోసేటప్పుడు కత్తి లోపలికి దిగింది, ఇన్సులేషన్ మీద చుట్టూ గీత కనిపిస్తోంది. రెండోదానిలో స్క్రీన్ కట్ మెట్టు దగ్గర మాస్టిక్ (ఖాళీలు నింపే జిగురు ముద్ద) సగమే చుట్టారు, మిగతా సగం ఖాళీ, అక్కడే నల్లబడింది. మూడోది వేరు. స్క్రీన్ కట్ శుభ్రంగా ఉంది, ట్యూబ్ పై చివర కాలింది.

జాయింటర్_అన్న:
మొదటి రెండూ చేతి పని తప్పులే సార్. మీరు కోన్ పెట్టినా ఆ కత్తి గీత అలాగే ఉండేది, అందులో గాలి అలాగే ఉండేది. కోన్‌కి ఇంకో గొడవ కూడా ఉంది. అది కోర్‌ని (ఇన్సులేషన్‌తో ఉన్న కండక్టర్‌ని) గట్టిగా పట్టుకోవాలి. కోర్ వ్యాసం కిట్ పరిధిలో లేకపోయినా, కోర్ కాస్త కోడిగుడ్డు ఆకారంలో ఉన్నా, గ్రీజు సరిగా పరుచుకోకపోయినా, ఇంటర్‌ఫేస్‌లోకి గాలి వచ్చేస్తుంది. నేను చేతిలో వెర్నియర్ లేకుండా కోన్ ఎక్కించను.

టెస్ట్_ల్యాబ్:
మూడోదాని గురించి అడగాలి. కేబుల్ వేశాక ఏ టెస్ట్ చేశారు?

నైట్‌షిఫ్ట్_ఇంజనీర్:
వీఎల్‌ఎఫ్ (చాలా తక్కువ ఫ్రీక్వెన్సీ ఓల్టేజ్ టెస్ట్), 0.1 హెర్ట్జ్. పాసయింది. రెండు నెలలకు పోయింది.

టెస్ట్_ల్యాబ్:
అయితే ట్యూబ్ ఏ రకమో కనుక్కోండి. పర్మిటివిటీ మీదే ఆధారపడే ట్యూబ్ వేరు, రెసిస్టెన్స్‌తో పనిచేసేది వేరు. రెసిస్టివ్ రకంలో ఓల్టేజ్ ట్యూబ్ వెంట ఎంత దూరం పాకుతుందనేది ఫ్రీక్వెన్సీని బట్టి ఉంటుంది. 0.1 హెర్ట్జ్ దగ్గర కేబుల్‌లోకి పోయే కెపాసిటివ్ కరెంట్ 50 హెర్ట్జ్‌లో ఉండేదానిలో 500వ వంతే. దాంతో స్క్రీన్ దగ్గరి భూమి పొటెన్షియల్ ట్యూబ్ వెంట చాలా దూరం సాగుతుంది. ట్యూబ్ పొట్టిగా ఉంటే ఆ ఒత్తిడంతా చివరికి చేరుతుంది. మీ మచ్చ ఉన్నచోటు దీనికి సరిపోతోంది. ఇదే కారణమని ఒక్క ఫొటోతో తేల్చలేం. ఎవరైనా ట్యూబ్‌ని పొట్టిగా కోశారా అన్నది కూడా చూడాలి.

కన్వర్టర్లు ఉన్న ఫీడర్లలో దీనికి వ్యతిరేకం. హార్మోనిక్స్ (50 హెర్ట్జ్ కంటే పై ఫ్రీక్వెన్సీలు) ఎక్కువైతే ఓల్టేజ్ పాకే దూరం తగ్గుతుంది, స్క్రీన్ కట్ దగ్గరే ఫీల్డ్ పోగై ట్యూబ్ వేడెక్కుతుంది. ఇన్వర్టర్‌తో నడిచే పెద్ద మోటార్ల వైండింగ్ చివరల్లో ఇదే పని చేసే సిలికాన్ కార్బైడ్ టేపు కాలడానికీ ఇదే కారణం. కోన్‌కి ఏసీలో ఈ బాధ లేదు. ఈ ఒక్క విషయంలో నైట్‌షిఫ్ట్ గారి పక్షమే నేను.

లెక్కల_పిచ్చి:
ఒప్పుకుంటాను, కానీ ప్యానెల్ లోపల చోటు సంగతి? కోన్ లావుగా ఉంటుంది. ఇరుకు పెట్టెలో పక్క ఫేజ్‌కి తగిలేంత దగ్గరైతే బయట గాలిలో కొత్త సమస్య తెచ్చుకున్నట్టే. అక్కడ నేను ట్యూబే పెడతాను.

నైట్‌షిఫ్ట్_ఇంజనీర్:
అందరికీ థాంక్స్. అన్ని చోట్లా కోనే అని రాయడం మానేశాను. కన్వర్టర్ ఫీడర్లు నాలుగు ఉన్నాయి, వాటికి కోన్ అడుగుతున్నాను, ముందు ప్యానెల్ లోపలి కొలతలు తీసుకుంటాను. మిగతావాటికి ట్యూబే, కాకపోతే సెమికాన్ తీయడానికి కత్తి బదులు లోతు సెట్ చేసే టూల్, స్క్రీన్ కట్ ఫొటో తీశాకే ట్యూబ్ వేయాలన్న షరతు. మూడో టర్మినేషన్‌లో మిగిలిన ట్యూబ్ ముక్క దాచాను. టెస్ట్_ల్యాబ్ గారూ, దాని పొడవు కొలిచి రేపు ఇక్కడే పెడతాను, కిట్ షీట్‌లో ఉన్న పొడవుతో సహా.