పాడేటప్పుడు తన గొంతు తాను వినాలంటే: డైరెక్ట్ మానిటరింగా, సాఫ్ట్‌వేర్ ద్వారానా?

ఇంటి_గది:
చెల్లెలు కర్ణాటక సంగీతం పాడుతుంది. రెండు ఇన్‌పుట్ల ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకుని కంప్యూటర్‌కి కలిపే పెట్టె), కండెన్సర్ మైకుతో ఇంట్లోనే రికార్డు చేస్తున్నాం. బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతలో పోగుచేసుకునే శాంపిళ్ల సంఖ్య) 512లో పెడితే గొంతు వెనకబడి వినిపిస్తోందని పల్లవి దగ్గరే ఆగిపోతోంది. 64కి దించితే చిటపటలు. డైరెక్ట్ మానిటర్ (గొంతుని కంప్యూటర్ దాకా పోనివ్వకుండా ఇంటర్‌ఫేస్ నుంచే హెడ్‌ఫోన్లకి పంపే బటన్) నొక్కితే ఆలస్యం పోయింది కానీ గొంతు బోసిగా ఉందంటోంది. ఏం చేయాలి?

గిటార్_గూడు:
128లో పెట్టండి బ్రో. 48 కిలోహెర్ట్జ్‌లో అది 2.7 మిల్లీసెకన్లే. ఏసియో డ్రైవర్ (విండోస్‌లో ఆలస్యం తగ్గించే ఆడియో డ్రైవర్) వేసి, బరువైన ప్లగిన్లు (సాఫ్ట్‌వేర్ ఎఫెక్టులు) ఆపేస్తే చిటపటలు తగ్గుతాయి. రివర్బ్ (ప్రతిధ్వని ఎఫెక్ట్) లేకుండా పాడమంటే ఎవరికీ మనసు రాదు. నా గిటార్ ఎప్పుడూ సాఫ్ట్‌వేర్ ద్వారానే.

శ్రుతి_పెట్టె:
గిటార్‌కి ఒప్పుకుంటాను. గిటార్ ఆంప్లిఫయర్ సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నప్పుడు వేరే దారి లేదు. గొంతు అలా కాదు. 2.7 అన్నది ఒక వైపు లెక్క. లోపలికొక బఫర్, బయటికొక బఫర్, పైన కన్వర్టర్ల (శబ్దాన్ని అంకెలుగా, అంకెల్ని శబ్దంగా మార్చే భాగాల) ఆలస్యం. పాడే మనిషికి తన గొంతు ఎముకల ద్వారా అప్పటికప్పుడే వినిపిస్తుంది. అదే గొంతు కాస్త వెనక చెవిలో పడితే రెండూ కలిసి కొన్ని పౌనఃపున్యాలు చచ్చిపోతాయి, గొట్టంలో పాడినట్టుంటుంది.

డైరెక్ట్ మానిటర్ ఆన్‌లోనే ఉంచండి. సాఫ్ట్‌వేర్ నుంచి రివర్బ్ ఒక్కటే రావాలి. గొంతు ట్రాక్ మాస్టర్‌కి (అన్ని ట్రాకులూ కలిసి బయటికెళ్లే దారి) వెళ్లకుండా తెంపి, ప్రీ-ఫేడర్ సెండ్‌తో (ట్రాక్ వాల్యూమ్ మీటకి ముందే తీసే కాపీ) రివర్బ్ ట్రాక్‌కి పంపండి. అక్కడ వెట్ (ఎఫెక్ట్ శబ్దం) 100, డ్రై (అసలు గొంతు) సున్నా. బఫర్ 256లో ఉన్నా ప్రతిధ్వని పది, పన్నెండు మిల్లీసెకన్లు వెనకగా వస్తుంది, అంతే. అయిదారు అడుగుల దూరంలోని గోడకి తగిలి శబ్దం తిరిగి రావడానికీ అంతే పడుతుంది. చెవికి అది సహజం.

గిటార్_గూడు:
ట్యూనింగ్ ప్లగిన్ (శ్రుతి సరిదిద్దే ఎఫెక్ట్) వింటూ పాడేవాళ్లకి ఇది పనికిరాదు కదా?

శ్రుతి_పెట్టె:
రాదు. ఆ ఎఫెక్ట్ పాటలో భాగమైతే సాఫ్ట్‌వేర్ ద్వారానే వినాలి. ఇక్కడ పాడేది కర్ణాటక సంగీతం. గమకంలో స్వరం ఎక్కడ నిలుస్తోందో ఆ అమ్మాయికి ఉన్నదున్నట్టు వినిపించాలి.

ఇంటి_గది:
చేశాను అన్నా. మొదట మాస్టర్ తెంపలేదు, గొంతు డొల్లగా వచ్చింది. తెంపగానే సరిపోయింది. చరణం దాకా ఆగకుండా పాడింది. ఎడమ చెవి హెడ్‌ఫోన్ పక్కకి జరుపుకుంటానంటోంది. హెడ్‌ఫోన్లో మోగే తంబురా మైకులోకి రాదా?

శ్రుతి_పెట్టె:
వస్తుంది. హెడ్‌ఫోన్లకి వెళ్లే తంబురాని కుడి వైపుకి పూర్తిగా పాన్ చేయండి (కుడి చెవిలోనే వచ్చేలా జరపండి). ఎడమ చెవి ఖాళీగా ఉండనివ్వండి.