డీజే హెడ్‌ఫోన్లు: గంటల తరబడి పెట్టుకున్నా చెవి నొప్పి రాకూడదు, తొందరగా విరగకూడదు. ఏవి తీసుకోవాలి?

కొత్త కంట్రోలర్:
అందరికీ నమస్తే. డీజేయింగ్‌కి హెడ్‌ఫోన్లు కొనాలి, మోడళ్లు చూసి చూసి తల తిరుగుతోంది. ఇప్పుడున్నవి పాటలు వినడానికి కొన్న మామూలువి. కుడి కప్పు మడతపడే చోట ప్లాస్టిక్ విరిగితే ఇన్సులేషన్ టేపు చుట్టి నెట్టుకొస్తున్నా, ఎడమవైపు వైరు కదిపితేనే సౌండ్ వస్తుంది. అదొక్కటే అయితే సర్దుకునేవాణ్ణి, కానీ రెండో గంట దాటేసరికి చెవులు మండిపోతున్నాయి. పైగా నాకు కళ్లద్దాలు, ఆ కాడలు నొక్కుకుని తలనొప్పి. సెట్ ఒక్కోసారి నాలుగైదు గంటలు సాగుతుంది. సౌండ్ అద్భుతంగా ఉండాలని లేదు, గట్టిగా ఉండాలి, నొప్పి పెట్టకూడదు, అంతే. బ్లూటూత్‌వి కొంటే వైరు గొడవే ఉండదు కదా అని ఫ్రెండ్ అంటున్నాడు, అదీ కాస్త చెప్పండి.

సోల్డర్ చెయ్యి:
ముందు బ్లూటూత్ సంగతి తేల్చేద్దాం. మామూలు బ్లూటూత్ హెడ్‌ఫోన్లలో సౌండ్ సుమారు 150 నుంచి 250 మిల్లీసెకన్లు ఆలస్యంగా చెవికి చేరుతుంది. 128 బీపీఎం (నిమిషానికి 128 బీట్లు) పాటలో ఒక బీట్‌కి పట్టే టైం 469 మిల్లీసెకన్లు. అంటే మీ చెవిలో కిక్ డ్రమ్ దెబ్బ పడేసరికి స్పీకర్లో మూడో వంతు నుంచి సగం బీట్ దాకా గడిచిపోయి ఉంటుంది, ఇంక ఒక చెవితో స్పీకర్లు, ఒక చెవితో క్యూ (మీకు మాత్రమే వినిపించే తర్వాతి పాట) విని కలపడం ఎలా? క్యూ, మాస్టర్ (స్పీకర్లకి వెళ్లే సౌండ్) రెండూ హెడ్‌ఫోన్లోనే కలిపి వింటే రెండూ ఒకేలా లేటవుతాయి కాబట్టి బీట్లు సరిపోయినట్టే వినిపిస్తాయి, కానీ మీరు బటన్ నొక్కినప్పుడు, ప్లాటర్ (కంట్రోలర్ మీది గుండ్రటి పళ్లెం) తిప్పినప్పుడు చేతికీ చెవికీ పొంతన ఉండదు. సొంత ట్రాన్స్‌మిటర్‌తో వచ్చే ప్రత్యేకమైనవి ఉన్నాయి, ఏఐఏఐఏఐ కంపెనీ టీఎంఏ-2 స్టూడియో వైర్‌లెస్ ప్లస్‌కి 16 మిల్లీసెకన్లు అంటారు, దాంతో పని నడుస్తుంది. కానీ బ్యాటరీ ఒక టెన్షన్, ట్రాన్స్‌మిటర్ మర్చిపోతే ఇంకో టెన్షన్. మొదటిసారి కొంటున్నారు కాబట్టి వైరుదే తీసుకోండి.

ఇక గట్టిదనం. హెడ్‌ఫోన్లు రిపేర్ చేసే చేత్తో చెప్తున్నా, నా దగ్గరికి వచ్చేవాటిలో స్పీకర్ యూనిట్ పోయినవి చాలా తక్కువ. వైరు కప్పులోకి దూరే చోట తెగుతుంది, లేదంటే పిన్ను దగ్గర. ఆ తర్వాత మడత కీలు విరుగుతుంది. ఆ తర్వాత ప్యాడ్ పొట్టు రాలుతుంది. ఈ మూడూ విడిగా దొరుకుతాయా, మనమే మార్చుకోవచ్చా అన్నది చూసి కొనండి, పెట్టె మీద ఉన్న మిగతా అంకెలన్నీ ఆ తర్వాతే. 5 హెర్ట్జ్ నుంచి 40 కిలోహెర్ట్జ్ అని రాస్తారు చూడండి, మనిషి చెవికి వినిపించేదే 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్, వయసు పెరిగేకొద్దీ పైవైపు ఇంకా తగ్గుతుంది. ఆ అంకె చూసి డబ్బు పెట్టొద్దు.

రాత్రి డెక్:
ఇంత ఆలోచన ఎందుకు బ్రో, సెన్‌హైజర్ హెచ్‌డీ 25 తీసుకో. 1988లో వచ్చింది, ఇప్పటికీ బూత్‌లో, అంటే డీజే నిలబడి వాయించే చోట, అదే కనిపిస్తుంది. వైరు తీసేసి తూస్తే 140 గ్రాములు, తల మీద ఉన్నట్టే తెలీదు. వైరు, కప్పు, ప్యాడ్, హెడ్‌బ్యాండ్ అన్నీ విడివిడిగా దొరుకుతాయి. ఒక కప్పు పక్కకి తిరుగుతుంది, ఒంటి చెవితో వినడానికి. బయటి సౌండ్‌ని బాగా ఆపుతుంది. ఒక్క మాట, హెచ్‌డీ 25 లైట్ అని ఇంకోటి ఉంది, అందులో కప్పు తిరగదు, హెడ్‌బ్యాండ్ రెండుగా విడిపోదు. పేరు చూసి అది కొనేయకు.

చెవి ముఖ్యం:
పైన చెప్పింది మంచి హెడ్‌ఫోనే, కాదనను. కానీ అడిగినవారు కళ్లద్దాలు పెట్టుకుంటారని రాశారు, రెండో గంటకి నొప్పి అని కూడా రాశారు. హెచ్‌డీ 25 చెవి మీద కూర్చునే రకం, చెవిని చుట్టేసేది కాదు. అది బయటి సౌండ్‌ని ఆపేదే గట్టిగా నొక్కి. ఆ నొక్కుడుకి చెవి మృదులాస్థి వెళ్లి కళ్లద్దాల కాడకి తగులుతుంది, ఇంక నాలుగు గంటలంటే నరకమే. బరువు తక్కువ అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. తల మీద బరువు కంటే పక్కల నుంచి పట్టే బిగువే ఎక్కువ బాధ పెడుతుంది, 300 గ్రాముల దగ్గర ఉన్నా లోతైన మెత్తటి ప్యాడ్ ఉంటే హాయిగా ఉంటుంది.

కళ్లద్దాలున్నవాళ్లకి చెవిని పూర్తిగా చుట్టే రకమే నా ఓటు. ఆడియో-టెక్నికా ఏటీహెచ్-ఎం50ఎక్స్ చూడండి, వైరు లేకుండా 285 గ్రాములు, కప్పులు 90 డిగ్రీలు తిరుగుతాయి, తిప్పి లాక్ చేసే ఊడే వైరు, పెట్టెలోనే మూడు వైర్లు ఇస్తారు, అందులో ఒకటి స్ప్రింగ్ వైరు. లేదంటే పయొనీర్ డీజే హెచ్‌డీజే-ఎక్స్10, అది డీజేల కోసమే చేసింది, అమెరికా మిలిటరీ మన్నిక పరీక్షలు పాసయిందని కంపెనీ చెప్తుంది, మినీ ఎక్స్ఎల్ఆర్ అనే చిన్న గుండ్రటి ప్లగ్ ఉన్న వైరు క్లిక్‌మని బిగుసుకుంటుంది. కాడలు సన్నగా, బల్లపరుపుగా ఉన్న కళ్లద్దాల జత ఒకటి సెట్ కోసం పక్కన పెట్టుకుంటే ఇంకా మంచిది. లావు కాడ ప్యాడ్‌ని ఎత్తిపట్టేస్తుంది, ఆ సందులోంచి బేస్ కారిపోతుంది, బయటి గోల లోపలికొస్తుంది, అది విని మీరు వాల్యూమ్ పెంచుతారు.

ఈ వాల్యూమ్ గురించి ఇంకొంచెం రాయాలి, ఎవరూ పట్టించుకోరు. అమెరికాలో పనిచేసేవాళ్ల ఆరోగ్యం, భద్రత మీద పరిశోధించే నియోష్ సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్‌లో రోజుకి 8 గంటలు పనిచేయొచ్చు, అక్కణ్ణుంచి 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ టైం సగమవుతుంది. 100 డెసిబెల్స్‌కి వచ్చేసరికి 15 నిమిషాలే. బూత్ దగ్గర 100 రావడం పెద్ద విషయం కాదు, దాన్ని మించి వినిపించాలని మీరు హెడ్‌ఫోన్ ఇంకా పెంచుతారు. అందుకే బయటి సౌండ్‌ని ఎంత ఆపుతుందన్నది సుఖం కోసమే కాదు, చెవుల కోసం కూడా. మిక్స్ కుదిరిన వెంటనే క్యూ వాల్యూమ్ తగ్గించేయడం అలవాటు చేసుకోండి.

కొత్త కంట్రోలర్:
చాలా థ్యాంక్స్ అండి. బయటి సౌండ్ ఆపాలంటే నాయిస్ క్యాన్సిలింగ్‌వి కొంటే సరిపోదా? ఇంకో డౌట్, ఓమ్స్ అని రాస్తారు కదా, 32, 80, 250 అని, నా కంట్రోలర్ ల్యాప్‌టాప్ యూఎస్‌బీ మీదే నడుస్తుంది. ఏది పనికొస్తుంది? చెవులకి చెమట పట్టకుండా గుడ్డ ప్యాడ్లు వేసుకోవచ్చా?

సోల్డర్ చెయ్యి:
నాయిస్ క్యాన్సిలింగ్ వద్దు. విమానం హోరులాంటి నిలకడైన చప్పుడుకి అది బాగా పనిచేస్తుంది, పక్కన సబ్‌ఊఫర్ బాదుతుంటే దానికి అందదు. పైగా చాలావాటిలో చార్జ్ అయిపోతే సౌండ్ మారిపోతుంది. మూసిన కప్పులు, సరిగ్గా అతుక్కునే ప్యాడ్, అంతకంటే ఏమీ అక్కర్లేదు. వెనక జల్లెడలా తెరిచి ఉండే ఓపెన్ బ్యాక్ రకం మాత్రం బూత్‌కి అస్సలు పనికిరాదు.

ఓమ్స్ విషయానికొస్తే, అది హెడ్‌ఫోన్ కరెంటుకి ఎంత అడ్డుపడుతుందో చెప్పే కొలత, ఆ అంకె పెద్దదైతే గట్టిగా వినిపించడం కష్టం. యూఎస్‌బీ పవర్ మీద నడిచే కంట్రోలర్‌కి 32 నుంచి 70 మధ్య ఉన్నవి చూడండి. ఎం50ఎక్స్ 38, హెచ్‌డీ 25 70. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రోలో 250 ఓమ్స్‌ది కొంటే నాబ్ చివరిదాకా తిప్పినా గోలలో సరిగా వినబడకపోవచ్చు. అందులో 80ది కూడా ఉంది, వెల్వెట్‌లాంటి ప్యాడ్‌తో భలే హాయిగా ఉంటుంది, ఇంట్లో ట్రాక్‌లు సర్దుకోవడానికి నాకిష్టం కూడా, కానీ వైరు ఊడదు, కప్పు వెనక్కి తిరగదు, బూత్‌లో చిరాకు పెడుతుంది.

గుడ్డ ప్యాడ్ చల్లగా ఉంటుంది, నిజమే, కాకపోతే గాలి పోయినట్టే బేస్ కూడా కాస్త పోతుంది, బయటి సౌండ్ లోపలికొస్తుంది. రెక్సిన్‌లాంటి ప్యాడే పెట్టుకుని, సెట్ అయ్యాక పొడి మెత్తటి గుడ్డతో తుడిచి, ఆరనిచ్చాకే బ్యాగులో పెట్టండి. చెమట తడితో మూసేస్తే పై పొర పొట్టు పొట్టుగా లేచిపోతుంది. స్పిరిట్, శానిటైజర్ పూయొద్దు, ఇంకా తొందరగా పగుళ్లొస్తాయి. ఎలాగూ ప్యాడ్ అనేది అరిగిపోయే వస్తువే, కొన్నప్పుడే ఒక జత అదనంగా తీసి పెట్టుకోవడం మంచిది.

రాత్రి డెక్:
సరే, కళ్లద్దాల సంగతి నేను పట్టించుకోలేదు, ఆ లెక్కన చుట్టే రకమే కరెక్ట్. కానీ భుజానికీ చెవికీ మధ్య ఇరికించి వినే అలవాటుంటే చిన్న కప్పే సుఖం, పెద్దవి జారిపోతాయి. నువ్వెలా వింటావో అది చూసుకో.

కొత్తగా కొన్నది బిగుతుగా ఉంటే రెండు రోజులకే తిరిగిచ్చేయకు. లోపల స్టీలు పట్టీ ఉన్న హెడ్‌బ్యాండ్ అయితే నీ తలకంటే కొంచెం వెడల్పున్న పుస్తకాల దొంతర మీద ఒక రాత్రి తొడిగి ఉంచు, వదులవుతుంది. ఒట్టి ప్లాస్టిక్ అయితే ఆ పని చెయ్యకు, పటుక్కుమంటుంది. మరీ వదులు చేసినా నష్టమే, ఊగినప్పుడు జారుతుంది, బేస్ రాదు.

చెవి ముఖ్యం:
కొనేముందు పెట్టి చూసే వీలుంటే ఐదు నిమిషాలు పెట్టి తీసేయకండి. కళ్లద్దాలతోనే ఇరవై నిమిషాలైనా ఉంచండి, నొప్పి మొదట్లో తెలీదు. ఒక కప్పు వెనక్కి తిప్పి ఒంటి చెవితో వినండి, అప్పుడు బ్యాండ్ నడినెత్తి మీద కాకుండా పక్కకి జరుగుతుంది, అక్కడ ఎముక మీద నొక్కితే ఆ మోడల్ మీది కాదు. వంగి లేవండి, తల ఊపండి. కప్పు తిప్పేటప్పుడు కిర్రుమంటే, కీలు దగ్గర సన్నటి వైరు బయటికి కనబడి సాగుతుంటే వదిలేయండి. మడతపడేవి బ్యాగులో బాగానే పడతాయి కానీ ఎన్ని కీళ్లుంటే విరగడానికి అన్ని చోట్లు. నేనైతే మడతపడనిది కొని గట్టి పెట్టెలో పెట్టుకుంటాను.

సోల్డర్ చెయ్యి:
సెకండ్‌హ్యాండ్ చూస్తున్నట్టయితే వైరుని పిన్ను దగ్గర, కప్పు దగ్గర మెల్లగా వంచుతూ వినండి, ఎక్కడ కరకరమంటే లోపం అక్కడ. ఊడే వైరైతే భయం లేదు, ఇంకోటి వేసుకుంటే సరి. వైరు ఎప్పుడూ హెడ్‌ఫోన్ చుట్టూ బిగించి చుట్టొద్దు, తెగే చోటే మళ్లీ మళ్లీ వంగుతుంది. ఊడదీసి వదులుగా చుట్ట చుట్టండి.

కొత్త కంట్రోలర్:
అయితే ఎం50ఎక్స్, ఎక్స్10 రెండూ కళ్లద్దాలతో పెట్టి చూసి, ఏది తక్కువ నొక్కితే అది తీసుకుంటా. స్ప్రింగ్ వైరే వాడతాను, ఇటు నుంచి అటు జరిగేటప్పుడు కాళ్లకి తగలకుండా ఉంటుంది. చివరిగా ఒకటి, మిక్సర్లో లావు జాక్, నా ల్యాప్‌టాప్‌కి సన్నది. అడాప్టర్ ఏదైనా పర్లేదా?

సోల్డర్ చెయ్యి:
ఏదైనా పర్లేదని కాదు. 3.5 నుంచి 6.35 మిల్లీమీటర్లకి మార్చేదే, కాకపోతే మర తిప్పి బిగించే రకం ఉండాలి. మీ వైరు పిన్నుకి మర ఉంటుంది, దానికి సరిపోయేదే తీసుకోండి. ఊరికే దూర్చే రకం అయితే వైరు లాగినప్పుడు అడాప్టర్ మిక్సర్లోనే ఉండిపోతుంది, చీకట్లో గోళ్లతో పీకాలి. ఇంకోటి కొని బ్యాగులో పడేయండి, బూత్‌లో అన్నిటికంటే ముందు మాయమయ్యేది అదే.