పాత పియానోపై వాయించిన గాట్‌షాక్ రికార్డింగులు ఎక్కడ దొరుకుతాయి?

నమస్కారం. 19వ శతాబ్దపు అమెరికాలో చుట్టాలొచ్చిన సాయంత్రం ముందు గదిలో పియానో దగ్గర చేరి పాడుకున్న పాటలంటే నాకు ప్రాణం. ఆ కాలపు పాటల రచయిత స్టీఫెన్ ఫాస్టర్ పాటలను గాయని జాన్ డిగేటాని, గాయకుడు లెస్లీ గిన్ పాడిన 1972 నాటి నాన్‌సచ్ కంపెనీ ఎల్పీ రికార్డు విన్నాక పిచ్చి ముదిరింది. అందులో పియానో కూడా ఆ కాలానిదే. మీట నొక్కగానే స్వరం గలగలమని పలికి, అంతలోనే సన్నగిల్లిపోతుంది. పాడేవారి గొంతును మింగేయదు.

ఇప్పుడు ఆ శతాబ్దపు అమెరికన్ పియానిస్టు, స్వరకర్త లూయీ మోరో గాట్‌షాక్ రచనలను అలాంటి వాద్యం మీద వినాలని ఉంది. పియానిస్టు ఫిలిప్ మార్టిన్ హైపీరియన్ రికార్డు కంపెనీకి చేసిన 8 గాట్‌షాక్ సీడీలు నా దగ్గర ఉన్నాయి. వాయింపుకు వంక పెట్టలేను, కానీ అది నేటి గ్రాండ్ పియానో. గాట్‌షాక్ పర్యటనలకు వెంట తీసుకెళ్లినవి బోస్టన్‌లో తయారైన చికరింగ్ పియానోలు. పాత చికరింగ్‌పై ఆయన రచన 'ద లాస్ట్ హోప్' ఎవరైనా రికార్డు చేశారా? సీడీ అయినా, పాత ఎల్పీ అయినా సరే.

దయచేసి ఆ కాలంలోనే అందరూ వాయించిన మరొకరి పియానో రచన 'ద మేడెన్స్ ప్రేయర్' మాత్రం సూచించకండి. తైవాన్‌లో చెత్త బండ్లు కూడా అదే మోగిస్తాయి!