అప్‌డేట్: తవ్వకాల మిస్టరీలు, పాపతో కలిసి చదివే బొమ్మల పుస్తకం

పురావస్తు తవ్వకాల చుట్టూ సాగే మిస్టరీ నవలలంటే నాకు ప్రాణమనీ, ఆ ఆసక్తిని ఎనిమిదేళ్ల మా మేనకోడలికి అందించగల బొమ్మల పుస్తకం చెప్పమనీ ఇదివరకు అడిగాను. మీలో ఒకరు సూచించిన డేవిడ్ వీస్నర్ ‘ఫ్లాట్‌సమ్’ తెప్పించి ఇద్దరం కలిసి చూశాము.

అమెరికాలో ఏటా ఉత్తమ బొమ్మల పుస్తకానికి ఇచ్చే కాల్డికాట్ పతకాన్ని 2007లో పొందిన ఈ పుస్తకంలో కథంతా బొమ్మలతోనే నడుస్తుంది. సముద్రం ఒడ్డుకు కొట్టుకొచ్చిన పాత కెమెరాలోని ఫొటోలో ఒక పాప మరో ఫొటో పట్టుకుని ఉంటుంది, అందులో ఇంకొకరు, ఆ లోపల మరొకరు; కెమెరా దొరికిన పిల్లవాడు మొదట భూతద్దంతోనూ, తరువాత మైక్రోస్కోపుతోనూ చూస్తున్నకొద్దీ కాలం వెనక్కి వెళుతుంది. తవ్వకంలో పై పొర కింద అంతకన్నా పాత పొర బయటపడే పద్ధతిని పిల్లలకు ఇంతకన్నా చక్కగా చెప్పిన పుస్తకాన్ని నేను చూడలేదు.

ఆ ఉత్సాహంతోనే పాపను శ్రీకాకుళం నుంచి శాలిహుండం తీసుకువెళ్లాను. వంశధార ఒడ్డునున్న ఆ కొండ మీది బౌద్ధ శిథిలాలను 1919లో వెలుగులోకి తెచ్చినది మన గిడుగు రామమూర్తి పంతులుగారేనని చెప్పగానే, స్తూపం ఇటుకల వరసల దగ్గర కూర్చుని, “మావయ్యా, దీని కింద ఇంకా పాతది ఉందా?” అని అడిగింది. ఆ ప్రశ్న విని నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

నా వంతుగా అగాథా క్రిస్టీ 1936 నాటి ‘మర్డర్ ఇన్ మెసొపొటేమియా’ మళ్లీ మొదలుపెట్టాను. ఆమె భర్త మాక్స్ మాలోవాన్ పురావస్తు శాస్త్రవేత్త కావడం వల్ల తవ్వకం శిబిరంలోని దినచర్య అందులో ఎంతో నమ్మకంగా ఉంటుంది. వచ్చే సెలవుల్లో విజయనగరం దగ్గర బౌద్ధ శిథిలాలున్న రామతీర్థం వెళ్తాము, అప్పటికి మరో బొమ్మల పుస్తకం సూచించగలరు.