పిల్లల కథల కోసం ఏ టూల్ నేర్చుకోను? ఈసారి పోగొట్టుకోకూడదు

చీరాల తెలుగు టీచర్:

నమస్కారం అందరికీ. చీరాల దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్తాను. వయసు 51. కంప్యూటరంటే భయం లేదు గానీ పెద్ద ఇష్టమూ లేదు. బెంగళూరులో ఉన్న మా అబ్బాయి ఫోన్లో "అమ్మా, అది చాలా ఈజీ" అని మొదలుపెడితే చాలు, నాకు టెన్షన్ పట్టుకుంటుంది. అందుకే వాణ్ణి వదిలేసి మిమ్మల్ని అడుగుతున్నాను.

పోయినేడాది ఎనిమిదో తరగతి పిల్లలకు ఒక పని పెట్టాను. ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర కూర్చుని ఒక కథ విని రమ్మన్నాను. రాజుగారి ఏడుగురు కొడుకుల కథ వద్దు, వాళ్లకు నిజంగా జరిగింది కావాలన్నాను. 34 మందిలో సగానికి పైగా మగ్గాల ఇళ్ల పిల్లలే. ఏం తెస్తారులే అనుకున్నాను. ఒకడు 1977 నవంబరు తుఫాను తెచ్చాడు. దివిసీమ ఉప్పెన అని చదువుకుంటాం గానీ, ఆ తుఫాను తీరం దాటింది మా చీరాల దగ్గరే. గుంట మగ్గం గుంటలో నీళ్లు నిండి, పడుగంతా తడిసి ముద్దయిందట. తెల్లారి చూస్తే గుంటలో కప్పలు. వాళ్ల తాత ముందు నవ్వాడట, తర్వాత ఏడ్చాడట. ఇదంతా వాళ్ల నానమ్మ చెప్పింది.

ఒక అమ్మాయి 1921 నాటి రామనగర్ తెచ్చింది. మునిసిపాలిటీ పన్నులు కట్టేది లేదని చీరాల, పేరాల జనం దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెంట ఊరు ఖాళీ చేసి, బయట పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్నారు కదా. ఆ పాకల్లో తమ ముత్తాత వాళ్ల నాన్నకు తేలు కుట్టిందని ఆ ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారట. పాఠంలో ఉద్యమం ఉంది గానీ తేలు లేదు. నాకు ఆ తేలే నచ్చింది.

ఇక అసలు గొడవ. అప్పట్లో ఒక ట్రైనింగులో నేర్పిన వెబ్‌సైట్లో ఈ కథలు పెట్టించాను. బొమ్మ పెట్టడం, గొంతు రికార్డు చేయడం, పేజీ తిప్పడం అన్నీ అందులోనే. మూడు వారాలు కూర్చుని 11 కథలు పూర్తిచేశాం. వేసవి సెలవుల తర్వాత తెరిస్తే ఉచిత గడువు అయిపోయింది, డబ్బు కట్టమంది. పోనీ కడదామనుకునేసరికి పాతవి తుడిచేశామని ఇంకో కబురు. గొంతులు నేరుగా ఆ సైట్లోనే రికార్డు చేశాం కాబట్టి నా దగ్గర ఏమీ మిగల్లేదు. తుఫాను కథ చెప్పిన నానమ్మ దసరాకు ముందు పోయింది. వాడు ఒకరోజు ఇంటర్వెల్లో వచ్చి, "మేడం, మా నానమ్మ మాట ఉందా?" అని అడిగాడు. లేదని చెప్పడానికి నోరు రాలేదు.

ఈ ఏడు మళ్లీ మొదలుపెడుతున్నాను, పాత పిల్లల్లో రానన్నవాళ్లు తప్ప అందర్నీ కలుపుకుని. నా దగ్గరున్నవి: తరగతి గదిలో ఒక ఐఎఫ్‌పీ ప్యానెల్ (గోడకుండే పెద్ద టచ్ స్క్రీను), పనిచేసే ట్యాబులు ఆరు, స్టాఫ్ రూములో ఒక కంప్యూటరు, నా ఫోను. నెట్ పొద్దున బాగుంటుంది, 11 దాటితే దేవుడి దయ. సంక్రాంతి సెలవుల లోపు తల్లిదండ్రులకు చూపించాలి. ఏ టూల్ నేర్చుకోమంటారు? ఇప్పటికి మూడు నేర్చుకున్నాను, రెండు ఇప్పుడు లేవు. ఇంకో సంగతి, పిల్లలు మైకు ముందు కథ చెప్పమంటే పాఠం అప్పజెప్పినట్టు చెప్తున్నారు. దానికేం చేయాలి?

నెల్లూరు ల్యాబ్ మాస్టారు:

మేడం గారూ, ఆ నానమ్మ సంగతి చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

టూల్ చివర్లో చూద్దాం. ముందు ప్రతి పిల్లవాడికీ కంప్యూటర్లో ఒక ఫోల్డర్ తెరవండి. అందులో గొంతు, బొమ్మలు, రాసిన కథ, మూడూ విడివిడి ఫైళ్లుగా ఉండాలి. గొంతు మాత్రం ఎప్పుడూ ఫోన్లోని మామూలు రికార్డర్‌లోనే చేయండి, ఏ సైట్లోనూ నేరుగా చేయొద్దు. ఎంపీత్రీ మామూలు నాణ్యతలో, అంటే 128 కేబీపీఎస్‌లో, నిమిషానికి ఒక ఎంబీ దాకా వస్తుంది. 34 మంది, మూడేసి నిమిషాలు అనుకున్నా వంద ఎంబీ చిల్లర. పాత 4 జీబీ పెన్‌డ్రైవ్ మీ రిటైర్మెంటు దాకా సరిపోతుంది. రెండు కాపీలు చేసి ఒకటి బీరువాలో పడేయండి. సైటు రేపు మూతపడినా మీ కథ మీ దగ్గరే ఉంటుంది.

కట్టి కూర్చడానికి స్టాఫ్ రూములో పవర్‌పాయింట్ ఉంటే అదే చాలు. స్లయిడుకో బొమ్మ, దాని మీద ఆడియో. ఆడియోని క్లిక్ చేస్తే పైన ప్లేబ్యాక్ వస్తుంది, అందులో స్టార్ట్ దగ్గర 'ఆటోమేటిక్‌లీ' పెట్టండి, లేకపోతే ప్రతి స్లయిడుకీ ఎవరో ఒకరు లేచి నొక్కాలి. అయ్యాక ఫైల్, ఎక్స్‌పోర్ట్, క్రియేట్ ఎ వీడియో. ఎంపీఫోర్ వస్తుంది. పెన్‌డ్రైవ్‌లో వేసి ప్యానెల్‌కి పెడితే నెట్ అక్కర్లేకుండా ఆడుతుంది.

రెండు చోట్ల దెబ్బ తింటారు, ముందే చెప్తున్నా. వాట్సాప్‌లో వచ్చిన వాయిస్ మెసేజ్ ఓపస్ అనే రకం ఫైలు, అన్నింట్లోనూ ఎక్కదు. వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయర్‌లో మీడియా, కన్వర్ట్ అని పోయి ఎంపీత్రీ చేసుకోండి. గూగుల్ స్లయిడ్స్‌లో చేద్దామనుకుంటే ఆడియో ముందు డ్రైవ్‌లోకి ఎక్కాలి, అదీ ఎంపీత్రీ గానీ వేవ్ గానీ. కొన్ని ఫోన్లు ఎమ్‌ఫోర్‌ఏ ఇస్తాయి, అది అక్కడ కనపడదు. ఫైలు పోయిందని కంగారు పడకండి.

చీరాల తెలుగు టీచర్:

మాస్టారూ, చాలా థాంక్స్. ఎమ్‌ఫోర్‌ఏ దగ్గరే పోయిన వారం గంటన్నర కొట్టుకున్నాను! ఇంకొకటి అడగనా. ఫోన్లో వీడియో చేసే యాప్‌లో తెలుగు పేరు రాస్తే "స్త్రీ" కాస్తా ముక్కలై సకారం ఒకవైపు, తకారం ఒకవైపు పడుతోంది. వత్తులు కిందికి దిగడం లేదు. తెలుగు టీచర్ చేసిన వీడియోలో తెలుగే అలా ఉంటే ఊళ్లో తలెత్తుకోలేను.

నెల్లూరు ల్యాబ్ మాస్టారు:

ఆ యాప్‌కి మన వత్తులు పేర్చడం చేతకాదు, అంతే. దాంతో కుస్తీ పట్టొద్దు. పేరు, ముగింపు మాట పవర్‌పాయింట్లో రాసి, ఆ స్లయిడుని బొమ్మగా సేవ్ చేయండి. బొమ్మలో వత్తు ఎక్కడికీ పోదు. అక్షరానికి మండలి, రామభద్ర లాంటి గూగుల్ ఫాంట్లు ఉచితం. పాత డీటీపీ ఫైలు నుంచి మాత్రం కాపీ కొట్టకండి. అను ఫాంట్లలో కొట్టింది ఇప్పటి ఫోన్లు, కంప్యూటర్లు చదివే యూనికోడ్ కాదు, ఇక్కడ పేస్ట్ చేస్తే పిచ్చి గీతలు వస్తాయి.

కరీంనగర్ ప్రైమరీ టీచర్:

మేడం, మా చిన్నపిల్లలతో నేను స్టోరీవీవర్ వాడతాను. ప్రథమ్ బుక్స్ వాళ్లది, 2015 నుంచి ఉంది. తెలుగు కథలు చాలా ఉన్నాయి. బొమ్మలు వేయడం రాని పిల్లలు అక్కడి బొమ్మల్లోంచి ఏరుకుని సొంత కథ రాసుకోవచ్చు. కథలూ బొమ్మలూ చాలావరకు సీసీ బై 4.0 లైసెన్సులో ఉంటాయి, అంటే ఎవరు వేశారో పేరు రాసి వాడుకోవచ్చు. గూగుల్‌లో వెతికి కనపడిన బొమ్మ తీసుకోవడం కంటే ఇది నయం. పిల్లలకు "ఎవరి బొమ్మ తీసుకుంటే వాళ్ల పేరు రాయాలి" అన్న అలవాటు కూడా పడుతుంది.

కానీ మీ కథలకు ఇది అతకదేమో. గుంట మగ్గం బొమ్మ అక్కడ మీకు దొరుకుతుందని నమ్మకం లేదు. ఎవరి ఇంట్లో మగ్గాన్ని వాళ్లనే ఫోటో తీసుకు రమ్మనండి.

లెక్కల సార్, గుంటూరు:

స్క్రాచ్ ఎవరూ చెప్పలేదేం? పిల్లలు సొంతంగా బొమ్మలు కదిలించి ఆటలు, కథలు చేసుకునే ప్రోగ్రామింగ్ టూల్. అమెరికాలో ఎంఐటీ వాళ్లది, 2007 నుంచి ఉచితం. కంప్యూటర్లో ఇన్‌స్టాల్ చేస్తే నెట్ లేకుండా నడుస్తుంది, ఫైలు మన దగ్గరే సేవ్ అవుతుంది. పిల్లలు కప్పని ఎగిరించొచ్చు, నీళ్లు పెరుగుతున్నట్టు చూపించొచ్చు. మా ఎనిమిదో తరగతి వాళ్లు భోజనం మానేసి కూర్చుంటారు.

నెల్లూరు ల్యాబ్ మాస్టారు:

సార్, నాకూ స్క్రాచ్ ఇష్టమే. కానీ సంక్రాంతి లోపు, ఒక్క కంప్యూటరు మీద, 34 మందితో అంటే కప్ప ఎగురుతుంది గానీ కథ కదలదు. వచ్చే ఏడు చూద్దాం.

డాలస్ ఆదివారం బడి:

నేను ఇక్కడ వారాంతాల్లో తెలుగు పిల్లలకు బడి చెప్తాను. అప్పజెప్పడం గురించి మాత్రమే రాస్తాను, మిగతాది మాస్టారు చెప్పేశారు.

ఈ డిజిటల్ కథల పద్ధతిని 1990లలో కాలిఫోర్నియాలో జో లాంబర్ట్, డేనా యాచ్‌లీ లాంటి వాళ్లు మొదలుపెట్టారు. వాళ్ల వర్క్‌షాపుల్లో కంప్యూటర్ ముట్టుకునే ముందు అందరూ గుండ్రంగా కూర్చుని ఒకరి కథ ఒకరికి చెప్పుకుంటారు. మేమూ అదే చేస్తాం. చాప వేసి కూర్చోబెట్టి, కాగితం తీసేసుకుంటాను. ఎదురుగా ఆ కథ తెలియని ఒక పిల్లవాణ్ణి కూర్చోబెడతాను. వాడు "తర్వాత?" అంటుండాలి. ఆ "తర్వాత?"లను ఆడియోలోంచి తీసేయొచ్చు, తీయకపోయినా బాగుంటుంది. మొత్తం రెండు మూడు నిమిషాలు దాటనివ్వను.

ఇంకో మాట. కథల్లో ఇళ్ల సంగతులున్నాయి కదా, తల్లిదండ్రుల చేత సంతకం పెట్టించుకోండి. 2023 నాటి డేటా రక్షణ చట్టంలో 18 ఏళ్ల లోపు వాళ్లందరూ పిల్లలే. యూట్యూబ్‌లో పెట్టాలనిపించినా ఇంటిపేర్లు, ముఖాలు లేకుండా పెట్టండి. మా దగ్గర ఒక తల్లికి కోపం వచ్చింది, అది ఇంకో కథ.

చీరాల తెలుగు టీచర్ (మూడు వారాల తర్వాత):

అయ్యాయి. మొత్తం 23 కథలు. రెండు పెన్‌డ్రైవ్‌లు, ఒకటి బీరువాలో ఉంది మాస్టారూ.

చాప పద్ధతి బ్రహ్మాండంగా పనిచేసింది. "తర్వాత?" అనే పనికి పిల్లలు కొట్టుకున్నారు. ఫ్యాను ఆపి రికార్డు చేశాం, తీరా చూస్తే పక్కింటి మరమగ్గం చప్పుడు రెండు కథల్లో పడింది. మళ్లీ చేద్దామంటే పిల్లలు ఒప్పుకోలేదు, బాగుంది మేడం ఉంచండి అన్నారు. ఒక వీడియో వాట్సాప్‌లో పంపితే బొమ్మలన్నీ మసకబారాయి, డాక్యుమెంటుగా పంపాలని అప్పుడు తెలిసింది. ఫోన్లో మాటతో టైపు చేస్తే, మగ్గంలో అటూ ఇటూ పేక దారం తీసుకెళ్లే "నాడె" అన్నప్పుడల్లా "నాడే" అని రాసింది. మగ్గం మాటలన్నీ నేనే కూర్చుని దిద్దాను, ఆ పని నాకు బాగానే అనిపించింది.

తేలు కథ అమ్మాయి వాళ్ల తాతను వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన ప్యానెల్ దగ్గరికి వెళ్లి, తేలు కుట్టింది ఎడమ కాలికి, కుడికాలు అని చెప్పావేం అని అందరి ముందూ దాన్ని నిలదీశాడు. ఆడియో మళ్లీ చేయాలి.

తుఫాను కథ వాడే చెప్పాడు. నానమ్మ చెప్పినట్టే, ఆమె మాటల్లోనే, "నాయనా, గుంటలో కప్పలురా" అని. వాడి ఎదురుగా "తర్వాత?" అనడానికి ఎవర్నీ కూర్చోనివ్వలేదు, నన్నే కూర్చోమన్నాడు. కంప్యూటర్లో ఎక్కించాక ఆ ఒక్క ఫైలూ తన అమ్మ ఫోన్లోకి కూడా వేసుకుని, ఆడుతోందో లేదో నా ముందే రెండుసార్లు నొక్కి చూసుకుని వెళ్లాడు.