చెక్కపని కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు ముందు రంపమా, లేత్ మెషినా?

చిత్రిక (కూకట్‌పల్లి)

మొన్న మా వాట్సాప్ గ్రూపులో ఒకాయన "చెక్కపని నేర్చుకోవాలని ఉంది, ముందు ఏం కొనాలి?" అని అడిగారు. గంటలో పదకొండు జవాబులు వచ్చాయి. తొమ్మిదింట్లో మెషిన్ల పేర్లే. సగం మంది మినీ లేత్ (కర్రను గిరగిరా తిప్పితే ఉలితో గుండ్రంగా చెక్కుకునే మెషిన్) కొనమన్నారు. నాకు మనసు ఒప్పక ఇక్కడ చర్చకు పెడుతున్నాను.

నా మాట ఇది: మొదటి ఏడాది మెషిన్ ముట్టుకోకూడదు. ఒక రంపం, 12, 25 మిల్లీమీటర్ల ఉలులు రెండు, ఒక చిత్రిక (చెక్కను పొరలుగా గీసి నున్న చేసే పనిముట్టు), మూలమట్టం, సానరాయి చాలు. వీటితో కుసి, బెజ్జం (ఒక ముక్క కొసను ఇంకో ముక్క రంధ్రంలో దిగగొట్టే అతుకు) పడే వస్తువు ఒకటి చెయ్యాలి. నేను పీట చేశాను. పాత టేకు గుమ్మం ముక్కలు తెచ్చుకుని నాలుగు ఆదివారాలు కూర్చున్నాను. మొదటి కుసి వదులైంది. రెండోది బిగుసుకుని చెక్క పగిలింది. మూడోది సుత్తితో రెండు దెబ్బలు వెయ్యగానే దిగి కూర్చుంది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. మేకు లేదు, జిగురు లేదు. మా అమ్మ రోజూ ఆ పీట మీద కూర్చునే కూరలు తరుగుతుంది.

చేత్తో చిత్రిక పడితేనే నార ఎటు పోతోందో తెలుస్తుంది. వాటంగా తోస్తే చెక్క ఉల్లిపొరలా చుట్టుకుంటూ లేస్తుంది, ఎదురు తోస్తే గీరుకుపోయి గుంటలు పడతాయి. మెషిన్ ఆ తేడాను చేతికి అందనివ్వదు. లేత్ పని ఇష్టపడేవాళ్ళు ఏమంటారో వినాలని ఉంది.

వరాహ తీరం (విశాఖపట్నం)

చిత్రిక గారూ, మీ పీట సంగతి చదివి సంతోషించాను కానీ మీ తీర్పు ఒప్పుకోలేను.

మా అమ్మమ్మ వాళ్ళది ఏటికొప్పాక పక్క ఊరు. చిన్నప్పుడు సెలవులకు వెళ్తే బొమ్మలు చేసేవాళ్ళ ఇళ్ళ ముందే మా పొద్దంతా గడిచేది. అక్కడ వాడేది అంకుడు కర్ర. మెత్తగా ఉంటుంది, నార సన్నం, ఉలి పెట్టగానే వెన్నలా దిగుతుంది. కర్ర తిరుగుతుంటే లక్క కడ్డీని దాని మీద అదిమి పెడతారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి రంగు పట్టేస్తుంది. ఆ తర్వాత మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. గింజలు, బెరడు, వేళ్ళు, ఆకుల నుంచి తీసిన రంగులను అక్కడ మళ్ళీ నిలబెట్టిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. 2017లోనే ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇదంతా లేత్ మీద పనే. మన భాషలో దానికి తరిమెన అనే పాత మాట కూడా ఉంది. మోటార్లు రాకముందు ఒకరు తాడు లాగుతుంటే ఇంకొకరు ఉలి పట్టేవారు. కర్రను తిప్పేది తాడైనా కరెంటైనా, ఆకారం తెచ్చేది చెయ్యే.

మీరు నాలుగు ఆదివారాలు ఓపిక పట్టారు. అందరూ పట్టలేరు. నా బ్యాంకు ఉద్యోగంలో వారానికి దొరికేది రెండు గంటలు. మొదటి వారంలోనే నేను చేసిన బొంగరం తిరిగింది. మా అబ్బాయి దాన్ని బడికి పట్టుకెళ్ళాడు. ఆ ఒక్క బొంగరం వల్లే నేను ఆరేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. కొత్తవాళ్ళు మానేసేది పని కష్టమని కాదు. చేసిన వస్తువు చేతికి వచ్చేలోపే ఉత్సాహం ఆరిపోతుంది.

ఉలిచప్పుడు (నంద్యాల)

ఇద్దరికీ నమస్కారం. నేను వడ్రంగి కొడుకును. మా నాన్నగారు నలభై ఏళ్ళు తలుపులు, కిటికీలు, ఎద్దుల బండ్లు చేశారు. చేతి పనిముట్లే గొప్పవని ఎవరైనా అంటే నాకు ఆయన కుడి భుజం గుర్తొస్తుంది. ఎండాకాలం నల్లమద్ది పలకలకు చిత్రిక పట్టి, రాత్రి భుజానికి వేడి ఇసుక మూట కాపడం పెట్టించుకునేవారు. మా ఇంటికి కరెంటు చిత్రిక వచ్చిన రోజు ఆయన ముఖంలో చూసిన సంతోషం నేను మరిచిపోలేదు. తిండి కోసం చేసేవాళ్ళకు మెషిన్ ఊపిరి పోసింది. ఈ మాట చెప్పకుండా ఈ చర్చ జరగకూడదు.

సరదాకి చేసేవాళ్ళ విషయం వేరు, అది ఒప్పుకుంటాను. నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రాత్రి తొమ్మిది తర్వాత బాల్కనీలో కూర్చుని గుమ్మడి టేకు ముక్క మీద లతలు చెక్కుతాను. కింద పరిచిన పాత దుప్పటి పొట్టునంతా పట్టేస్తుంది, పక్క ఫ్లాట్‌కి చప్పుడు వినపడదు. నాకు పీటా వద్దు, బొంగరమూ వద్దు. రోజంతా స్క్రీన్ చూసిన కళ్ళకు ఒక ఆకు మలుపు దగ్గర గంటసేపు ఆగడం కావాలి.

కొండపల్లి వాళ్ళ పని మీకు తెలిసిందే. తెల్ల పొణికి కర్రతో బొమ్మల ముక్కలు విడివిడిగా చెక్కి, చింతపిక్కల జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. అక్కడ కుసీ లేదు, లేతూ లేదు. మరి దాన్ని చెక్కపని కాదంటారా?

గరాజ్ గూడు (డాలస్)

నేను మీ అందరికీ దూరంగా ఉన్నాను కాబట్టి నా లెక్క వేరు. ఇక్కడ ఇంటికో గరాజ్ ఉంటుంది, పైన్ చెక్క సూపర్ మార్కెట్‌లో ఉప్పు దొరికినట్టు దొరుకుతుంది. రెండుకు నాలుగు అని అమ్మే బద్ద కొలిస్తే ఒకటిన్నరకు మూడున్నర అంగుళాలే ఉంటుంది. మొదటిసారి ఆ తేడా తెలియక మా అమ్మాయి మంచం కొలతలన్నీ తప్పు తీశాను. రెండోసారి సరిగ్గా వచ్చింది. టేబుల్ సా (బల్లలో బిగించిన కరెంటు రంపం) లేకపోతే ఆ మంచం నా వల్ల అయ్యేది కాదు. వేలు తగిలితే కొన్ని మిల్లీసెకన్లలో బ్లేడు ఆగిపోయే రకం కొన్నాను. ఖరీదే, కానీ వేళ్ళు పది ఉండాలి కదా.

నన్ను లాగేది అవసరం. ఇంట్లో ఏది లేదో చూసి దాన్ని చెయ్యడం. పనిముట్టు ఏదైనా సరే, ఆ మంచం మీద పిల్ల నిద్రపోవడమే నాకు కావలసింది.

మెషిన్ వాడేవాళ్ళకు ఒక మాట. క్యాన్సర్ పరిశోధన చేసే ప్రపంచ ఆరోగ్య సంస్థ విభాగం చెక్క ధూళిని క్యాన్సర్ కలిగించేవాటిలో చేర్చి చాలా ఏళ్ళయింది. ముక్కుకు మాస్క్ లేకుండా సాండర్ (చెక్కను రుద్ది నున్న చేసే మెషిన్) పట్టుకోవద్దు. అవిసె నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడెయ్యొద్దు, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి తీగ మీద ఆరెయ్యండి, లేదా నీళ్ళలో వెయ్యండి.

చిత్రిక (కూకట్‌పల్లి)

ఉలిచప్పుడు గారూ, మీ నాన్నగారి భుజం సంగతి చదివాక నా మొదటి పోస్టు మళ్ళీ చదువుకున్నాను. "మెషిన్ ముట్టుకోకూడదు" అన్నది పొట్టకోసం చేసేవాళ్ళకు వర్తించదు. ఆ మాట అప్పుడే రాయాల్సింది.

వరాహ తీరం గారూ, మొదటి వస్తువు త్వరగా చేతికి రావాలన్నది కూడా ఒప్పుకుంటున్నాను. కానీ ఒకటి వదులుకోను. లేత్ మీద కొత్తవాళ్ళు చేసేది దాదాపు ఒకే ముక్క. రెండు ముక్కలు కలిసి బతకడం ఎలాగో అది నేర్పదు. నాకది ఒక టీపాయ్ నేర్పింది. మామిడి పలకలు జిగురుతో అతికి, కింద చట్రానికి స్క్రూలతో గట్టిగా బిగించేశాను. వానాకాలం బాగానే ఉంది. మే నెల వచ్చేసరికి మధ్యలో వేలు పట్టేంత పగులు! చెక్క పొడవులో దాదాపు కదలదు, అడ్డంగానే ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. వానల్లో తలుపులు బిగుసుకుంటాయని చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాను, నా టీపాయ్ పగిలేదాకా అది బుర్రకెక్కలేదు. ఇప్పుడు స్క్రూ బెజ్జాలు పొడుగ్గా తీస్తున్నాను, పలక కదిలే చోటు వదులుతున్నాను.

అరుగు మీద (నెల్లూరు)

నేను రిటైరైన టీచర్‌ని. మీ అందరిలో పెద్దదాన్నేమో, చనువుగా ఒకటి చెబుతాను నాయనా.

ఉదయగిరి వైపు చెక్క గరిటెలు, స్పూన్లు చేస్తారు. నర్ది, బిక్కి లాంటి కొండ కర్రలతో. అవి చూసి నేనూ స్పూన్ చెక్కడం మొదలుపెట్టాను. నాకు బల్ల లేదు, కరెంటు లేదు. ఒక చిన్న గొడ్డలి, ఒక చాకు, గుంట తియ్యడానికి వంకర చాకు. పెరట్లో జామ కొమ్మ కొట్టినప్పుడు పచ్చిగా ఉండగానే మొదలుపెడతాను. పచ్చి కర్ర జున్నులా తెగుతుంది. కొమ్మను నిలువునా చీల్చి, నడిమధ్య ఉండే మెత్తని గుజ్జు భాగాన్ని తీసెయ్యాలి. అది ఉంచితే ఆరేటప్పుడు తప్పకుండా పగులుతుంది. స్పూన్ సగం చెక్కాక పొట్టుతో పాటే ఒక సంచిలో వేసి ఉంచుతాను, మెల్లగా ఆరుతుంది.

నాకు కర్ర వాసన కావాలి. జామ ఒక వాసన, వేప ఒక వాసన. ఎవరైనా ఇంటికి వస్తే ఒక స్పూన్ చేతిలో పెట్టి పంపుతాను.

వరాహ తీరం (విశాఖపట్నం)

అమ్మా, మీ జామ కర్ర స్పూన్ గురించి చదువుతుంటే చేతులు ఊరుతున్నాయి.

చిత్రిక గారి టీపాయ్‌కి నా దగ్గర ఎదురుమాట లేదు. లేత్ అది నేర్పదు. నేను చేసిన మూత డబ్బా ఒకటి వానల్లో మూత రాకుండా బిగుసుకుపోయింది, అప్పుడు నాకూ ఎందుకో తెలియలేదు. అయినా లేత్ మొదట వద్దు అనను. కొనేముందు ఎవరి దగ్గరైనా రెండు రోజులు నిలబడి చూడమంటాను. చున్నీ, పొడుగు చేతులు, విరబోసిన జుట్టు, చేతి గ్లవుజులు ఏవీ లేత్ దగ్గరకు రాకూడదు. ముఖానికి అడ్డంగా షీల్డ్ పెట్టుకోవాలి. నాకు ఇవి ఎవరూ చెప్పలేదు. ఒకసారి చున్నీ కొస చుట్టుకుంది. స్విచ్ చేతికి అందేంత దగ్గర ఉంది కాబట్టి సరిపోయింది.

కొత్తచెయ్యి (వరంగల్)

గ్రూపులో ఆ ప్రశ్న అడిగింది నేనేనండీ. లేత్ కార్ట్‌లో పెట్టి మూడు రోజులైంది, ఇందాక తీసేశాను. కొనాలనిపిస్తే వచ్చే ఏడాది విశాఖ వచ్చి వరాహ తీరం గారి దగ్గర చూసి కొంటాను, వాళ్ళకు అభ్యంతరం లేకపోతే. మా అత్తగారింట్లో ఎండిపోతున్న జామచెట్టు ఉంది, ఈ ఆదివారం ఒక కొమ్మ కొడతాను. స్పూన్ అయ్యాక పీట. ఉలిచప్పుడు గారూ, ఒక్క సానరాయి కొనమంటే ఏది కొనమంటారు? చాకు, ఉలి రెండిటికీ పనికొచ్చేది.

ఉలిచప్పుడు (నంద్యాల)

1000 నంబరు నీటిరాయి (నీళ్ళతో తడిపి వాడే సానరాయి) ఒకటి చాలు తమ్ముడూ. కొత్త ఉలి కొన్నాక ముందు వీపు వైపు (వాలు లేని వైపు) రాయి మీద చదును చెయ్యి, అంచు దగ్గర ఒక అంగుళం మేర అద్దంలా వచ్చేదాకా. చాలామంది వదిలేసేది ఇదే. వాలు 25 డిగ్రీలు ఉంచు, చివరి అంచు మాత్రం 30 దగ్గర నాలుగైదు సార్లు లాగు. వీపు వైపు వేలితో మెల్లగా తడిమితే సన్నని గరుకు తగలాలి, అది తగిలిందంటే రాయి అంచుదాకా చేరినట్టు. తర్వాత తిప్పి ఒకటి రెండు సార్లు రాసి ఆ గరుకు తీసెయ్యి. కాగితం చింపి చూడకు, జామ కర్ర అడ్డకోత మీద పెట్టి చూడు. తెల్లగా నలగకుండా నున్నగా తెగితే పదును వచ్చినట్టే. ఆదివారం స్పూన్ ఫోటో ఇక్కడే పెట్టు, పగిలినా సరే.